అడుగుకు బదులు పలికే సంగీతం

వీడియో గేమ్‌లో వినిపించే పాటకూ చప్పుడుకూ ముందే ఖాయం చేసిన వరస ఉండదు. ఆడేవాళ్లు చేసే పనిని బట్టి అది అప్పటికప్పుడు కుదురుకుంటుంది. ఆ ఏర్పాటు ఎలా జరుగుతుందో, కారమడై రథవీధి, నీలగిరి కొండరైలు లాంటివి ఆ పనికి ఎంత ముడిసరుకు ఇవ్వగలవో చెప్పే కథనం ఇది.

సినిమాకు నేపథ్య సంగీతం కూర్చేవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. ఎడిటింగ్ పూర్తయ్యాక ఏ దృశ్యం ఎన్ని సెకన్లో కచ్చితంగా తెలిసిపోతుంది. తలుపు తెరుచుకునే క్షణానికే వయొలిన్లు పైకి లేచేలా కొలిచి కూర్చవచ్చు. వీడియో గేమ్‌లో ఆ హామీ లేదు. ఒకరు పది సెకన్లలో తలుపు దగ్గరికి వచ్చేస్తారు. ఇంకొకరు అరగంట సేపు తోటలోనే తిరుగుతారు. మరొకరు ఆ తలుపు జోలికే పోరు. ముగ్గురికీ సంగీతం తమ కోసమే కట్టినట్టు వినిపించాలి. అందుకే గేమ్‌కు సంగీతం కూర్చేవాళ్లు పాట ముక్కలతో పాటు, అవి ఎప్పుడు మొదలవాలి, ఎక్కడ ఆగాలి, దేనితో కలవాలి అన్న నియమాలను కూడా తయారుచేస్తారు. ఈ రెండూ కలిస్తేనే ఇంటరాక్టివ్ ఆడియో.

ఊరేగింపు వాద్యానికి తెలిసిన పద్ధతి

కోయంబత్తూరు నుంచి మెట్టుపాళయం వెళ్లే దారిలో, నీలగిరి కొండల పాదాన ఉన్న ఊరు కారమడై. తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ తమిళం. ఇక్కడి రంగనాథస్వామి గుడికి ఏటా మాసి నెలలో, అంటే ఫిబ్రవరి, మార్చి మధ్య, రథోత్సవం జరుగుతుంది. కాగడాలతో చేసే పంద సేవ, నీళ్లతో చేసే తన్నీర్ సేవ ఈ ఉత్సవానికి ప్రత్యేకం. ‘రంగా పరాకు, గోవిందా పరాకు’ అని దాసరులు పలికే కేక తమిళ జనం మధ్య కూడా అదే మాటల్లో మోగుతుంది.

రథం ఎంతసేపట్లో మలుపు తిరుగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. చక్రం కింద చెక్క పడితే ఆగుతుంది, తాడు బిగిస్తే కదులుతుంది. ఊరేగింపులో నాదస్వరం, తవిల్ వాయించేవాళ్లు దాన్ని చూసుకుంటూనే ఆలాపన పెంచుతారు, కుదిస్తారు, కదలిక మొదలవగానే లయ అందుకుంటారు. స్వామి బయల్దేరేటప్పుడు గంభీరనాట రాగంలో వాయించే మల్లారికి సాహిత్యం ఉండదు. తీర్థం తెచ్చేటప్పుడు ఒక మల్లారి, నైవేద్యానికి ఇంకొకటి, రథానికి వేరొకటి అని దక్షిణాది గుళ్ల సంప్రదాయంలో సందర్భాన్ని బట్టి రకాలున్నాయి. ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా ఆ వాద్యం విని బయట ఏం జరుగుతోందో తెలుసుకుంటారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ అందుకున్న షేక్ చినమౌలానా ఈ విద్యలో తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకునే పేరు.

తమిళనాట తెలుగు మాట్లాడే రాజకంబళం నాయకర్ల దేవరాట్టంలోనూ ఇదే సూత్రం. ఆ నృత్యానికి పాట ఉండదు. దేవదుందుభి మీద దరువు మారితే ఆడేవాళ్ల అడుగు మారుతుంది. గేమ్ ఆడియో డిజైనర్ చేసే పని ఒక్క మాటలో ఇది: ఊరేగింపు వాద్యకారుడి చూపునూ వినికిడినీ నిర్ణయాన్నీ సాఫ్ట్‌వేర్ పాటించగల నియమాలుగా రాయడం.

నాలుగు స్వరాలతో మొదలై

1972లో వచ్చిన ‘పాంగ్’ ఆటలో సంగీతం లేదు, బంతి తగిలినప్పుడు ‘టిక్’మనే చప్పుళ్లే. ఆ యంత్రాన్ని తయారుచేసిన అలన్ ఆల్కార్న్ సర్క్యూట్‌లో అప్పటికే పుడుతున్న తరంగాలనే చప్పుడుగా మలిచారు. 1978లో జపాన్‌కు చెందిన తొమొహిరో నిషికాదో రూపొందించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో కిందికి దిగే నాలుగు మంద్ర స్వరాలు ఆగకుండా తిరుగుతుంటాయి. శత్రువులు తగ్గేకొద్దీ ఆ స్వరాల వేగం పెరుగుతుంది. ఆట స్థితి లయను నడిపిన తొలి ప్రసిద్ధ ఉదాహరణ ఇదే.

1983లో వచ్చిన నింటెండో ఫామికామ్ యంత్రంలో ధ్వనికి ఐదు చానళ్లే ఉండేవి. రెండు రాగానికి, ఒకటి మంద్రానికి, ఒకటి దరువు లాంటి గరగర శబ్దానికి, ఒకటి చిన్న రికార్డింగ్ ముక్కలకు. ఆ ఇరుకులోనే కోజీ కొండో 1985లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ సంగీతం కట్టారు. సమయం అయిపోవస్తోందంటే అదే పాట వేగంగా పరుగెత్తుతుంది. 1990 నాటి ‘సూపర్ మారియో వరల్డ్’లో మారియో యోషి అనే డైనోసార్ మీదికి ఎక్కగానే పాట మారదు, దానికి బోంగో దరువు తోడవుతుంది. దిగగానే ఆ దరువు ఆగిపోతుంది.

1991లో లూకాస్‌ఆర్ట్స్ సంస్థకు చెందిన మైఖేల్ ల్యాండ్, పీటర్ మెకానెల్ ‘ఐమ్యూజ్’ అనే పద్ధతిని ‘మంకీ ఐలండ్ 2’లో ప్రవేశపెట్టారు. అందులోని వుడ్‌టిక్ అనే ఊళ్లో ఒక్కో ఇంట్లోకి అడుగుపెడితే పాట ఆ ఇంటికి తగ్గ వాద్యంలోకి జారుకుంటుంది, బయటికొస్తే అతుకు తెలియకుండా వెనక్కి వస్తుంది. ఆ సంగీతం స్వరాల సూచనల రూపంలో ఉండేది కాబట్టి కంప్యూటర్ దాన్ని ఎక్కడైనా మలచగలిగింది. తర్వాత సీడీలు వచ్చాయి. నిజమైన వాద్యబృందం వినిపించింది కానీ, రికార్డింగ్ గట్టిపడిపోయి ఒంగే గుణం తగ్గింది. మెల్బోర్న్‌లో పుట్టిన ‘ఎఫ్‌మాడ్’, మాంట్రియల్‌కు చెందిన ఆడియోకైనెటిక్ 2006లో విడుదల చేసిన ‘వైజ్’ లాంటి సాధనాలు ఆ రెండు సుగుణాలనూ కలిపాయి. ఇవాళ చాలా స్టూడియోల్లో ధ్వని పని వీటి మీదే నడుస్తుంది.

రథవీధిని వినిపించాలంటే

కారమడై రథవీధిలో జరిగే ఒక గేమ్ దృశ్యం అనుకుందాం. జనం మధ్యలోంచి నీళ్ల కూజాతో ఒక అమ్మాయి దాసరుల దగ్గరికి చేరాలి. ఆడియో డిజైనర్ ముందుగా ఈ వీధిని పొరలుగా విడదీస్తారు.

అడుగు పొర జనఘోష. ఒకే రికార్డింగ్‌ను మళ్లీ మళ్లీ తిప్పితే కాసేపటికే చెవి పట్టేస్తుంది. అందుకని వేర్వేరు నిడివిగల మూడు రికార్డింగ్‌లను కలిపి తిప్పుతారు. దూరపు ఘోష 83 సెకన్లు, మధ్యస్థంగా వినిపించే మాటలు 61 సెకన్లు, దగ్గరి సందడి 47 సెకన్లు అనుకుంటే, మూడూ మళ్లీ ఒకేచోట మొదలవడానికి 66 గంటలు పడుతుంది.

దాని మీద విడి చప్పుళ్లు వస్తాయి. గంట, పూలమ్మే పిలుపు, పిల్లల ఏడుపు, దూరంగా వెళ్లే బస్సు హారన్. వీటికి కచ్చితమైన సమయం ఇవ్వరు. ‘8 నుంచి 20 సెకన్ల మధ్య ఎప్పుడైనా, ఏ దిక్కు నుంచైనా’ అని హద్దు మాత్రం పెడతారు. అడుగుల చప్పుడుకు తారురోడ్డు, ఇసుక, గుడి రాతి నేల అని మూడు రకాలు రికార్డు చేస్తారు. ఒక్కో నేలకు ఆరేడు అడుగులుంటే, సాఫ్ట్‌వేర్ వెంటవెంటనే ఒకే అడుగు రాకుండా ఎంచి, ప్రతిసారీ స్థాయిని రవ్వంత మారుస్తుంది. నిజంగా నడిచేవాళ్ల రెండు అడుగులు ఒకేలా మోగవు. గేమ్‌లో మోగితే బొమ్మ నడుస్తున్నట్టు తెలిసిపోతుంది. ‘గోవిందా పరాకు’ కేకనూ ఇలాగే ఒంటి గొంతు, పదిమంది, గుంపు అని విడివిడిగా రికార్డు చేయాలి. అమ్మాయి దాసరులను సమీపించేకొద్దీ గుంపు కేకలోంచి ఒంటి గొంతు తేటపడుతుంది.

తర్వాతిది దూరం. అడ్డుల్లేని చోట దూరం రెట్టింపైతే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అది తగ్గడంతో పాటు పదును కూడా పోతుంది. గోడ చాటుకు వెళితే పై స్థాయి పౌనఃపున్యాలు ఆగిపోయి తవిల్ మోత మాత్రం మొద్దుగా వినిపిస్తుంది. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి 340 మీటర్ల అవతల బాణసంచా వెలిగితే, మెరుపు కనిపించిన సెకనుకు పేలుడు వినిపించాలి. మండపంలోకి అడుగుపెట్టగానే ప్రతిధ్వని మారాలి. ఇవన్నీ నియమాలే. డిజైనర్ ఒక్కసారి రాస్తే, అమ్మాయి ఏ మూలకు పోయినా వీధి ఆమె చుట్టూ సరిగ్గా మోగుతుంది.

కొండ ఎక్కే ఇంజిన్

కారమడైకి దగ్గరే ఉన్న మెట్టుపాళయం నుంచి ఊటీకి వెళ్లే నీలగిరి కొండరైలు ఇంటరాక్టివ్ ధ్వనికి చక్కటి పరీక్ష. 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు పూర్తయిన ఈ 46 కిలోమీటర్ల మార్గానికి 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ల కడ్డీ ఉంటుంది. అక్కడ వాలు 12 అడుగులకు ఒక అడుగు దాకా ఉంటుంది. ఎక్స్ తరగతి ఆవిరి ఇంజిన్‌కు నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలను నడిపితే, మిగిలిన రెండు పళ్ల చక్రాన్ని తిప్పుతాయి.

దీన్ని గేమ్‌లో వినిపించాలంటే మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేసిన ఒక ప్రయాణం పనికిరాదు. ఆడేవాళ్లు ఎక్కడైనా ఆపవచ్చు, ఎక్కడైనా ఆవిరి పెంచవచ్చు. కాబట్టి నిదానం, నడక, జోరు అని వేర్వేరు వేగాల దగ్గర ఇంజిన్‌ను విడివిడిగా రికార్డు చేసి, వేగం పెరిగేకొద్దీ ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి మెల్లగా కలుపుతారు. దానికి తోడు ‘భారం’ అనే రెండో కొలత కావాలి. ఒకే వేగంలో చదునులో పోయే ఇంజిన్, వాలు ఎక్కే ఇంజిన్ ఒకేలా మోగవు. కల్లార్ దాటగానే పళ్ల చక్రం పొర జతవ్వాలి. ఇంకో సంగతి: కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్ పెట్టెల వెనక ఉండి నెడుతుంది. ముందు పెట్టెలో కూర్చున్నవాళ్లకు దాని మోత వీపు వైపు నుంచి రావాలి. సొరంగంలోకి పెట్టెలు ఒక్కొక్కటిగా దూరుతుంటే, ముందు పెట్టె చుట్టూ ప్రతిధ్వని మొదలైన తర్వాతే ఇంజిన్ మోత మారాలి. ఈ రైలును నిజంగా ఎరిగినవాళ్లు గేమ్ ఆడి తల ఊపాలంటే, ఇలాంటి ప్రతి వివరమూ కుదరాలి.

తాళం తప్పకుండా మలుపు

సంగీతాన్ని ఆటతో కలపడానికి రెండు ప్రధాన పద్ధతులున్నాయి. మొదటిది వరస మార్చడం. పాటను చిన్న ఖండాలుగా కూర్చి, ఆట స్థితిని బట్టి తర్వాత ఏ ఖండం రావాలో ఎంచడం. రెండోది పొరలు వేయడం. ఒకే లయలో నడిచే వాద్యాలను విడివిడిగా రికార్డు చేసి, ఉద్రిక్తత పెరిగేకొద్దీ ఒక్కో పొరను తెరవడం. 2010 నాటి ‘రెడ్ డెడ్ రిడెంప్షన్’కు బిల్ ఎల్మ్, వుడీ జాక్సన్ సంగీతంలో చాలా భాగాన్ని ఒకే శ్రుతిలో, నిమిషానికి 130 దరువుల ఒకే వేగంలో కూర్చారు. గుర్రం ఎక్కినా, తుపాకీ తీసినా ఏ పొర దేనితోనైనా కలిసిపోయింది.

కర్ణాటక సంగీతానికి ఇక్కడ పుట్టుకతో వచ్చిన అనుకూలతలున్నాయి. రాగం ఒకే ఆధార శ్రుతి మీద నిలుస్తుంది కాబట్టి, స్వరసమ్మేళనాలు మారడం వల్ల వచ్చే చిక్కు లేదు. తాళం ఎక్కడ మలుపు తిరగవచ్చో తానే చెబుతుంది. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు, 4, 2, 2 అంగాలుగా: ఒక లఘువు, రెండు ద్రుతాలు. నిమిషానికి 80 దరువుల వేగంలో ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, 6 సెకన్లు. ప్రమాదం ఆవర్తనం మొదట్లోనే ఎదురైతే సమం, అంటే తర్వాతి ఆవర్తనం మొదలు, కోసం ఆరు సెకన్లు ఆగడం కుదరదు. కాబట్టి మూడో సెకను దగ్గర లఘువు ముగిసినప్పుడు, నాలుగున్నర దగ్గర మొదటి ద్రుతం ముగిసినప్పుడు కూడా మారవచ్చని నియమం పెట్టవచ్చు. అప్పటిదాకా ఒక్క తవిల్ దెబ్బ ప్రమాదాన్ని వెంటనే సూచిస్తుంది.

మలుపుకు అతుకుగా ముక్తాయింపు ఉండనే ఉంది. ఒకే పలుకు మూడుసార్లు వచ్చి సమం మీద పడుతుంది కాబట్టి, ఒక ఘట్టం ముగిసి ఇంకొకటి మొదలవుతోందని వినేవాళ్లకు ముందే తెలుస్తుంది. రెండు, నాలుగు, ఎనిమిది అక్షరాల ముక్తాయింపులు రికార్డు చేసిపెట్టుకుంటే, ఆవర్తనంలో ఎన్ని అక్షరాలు మిగిలాయో చూసి సరిపడేదాన్ని సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటుంది. నడకను చతురశ్రం నుంచి తిశ్రానికి మారిస్తే వేగం పెంచకుండానే కదలిక కొత్తగా వినిపిస్తుంది. రాగం మారాలన్నా దారి ఉంది. మోహనకూ హంసధ్వనికీ షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం ఉమ్మడి. ఒకదానిలో ధైవతం, ఇంకొకదానిలో నిషాదం తేడా. ఉమ్మడి స్వరాల మీద నడిచే చిన్న సంగతిని మధ్యలో ఉంచితే, రాగం మారిన క్షణం చెవికి గుచ్చుకోదు.

కష్టం గమకంలో, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడంలో ఉంది. పియానో మెట్లను ఒక్కొక్కటిగా రికార్డు చేసి తర్వాత ఏ పాటైనా కట్టవచ్చు. నాదస్వరానికి అది చెల్లదు. తోడి గాంధారం ఊగుతూనే పలుకుతుంది, ఏ స్వరం నుంచి వచ్చి ఏ స్వరానికి పోతోందన్న దాన్ని బట్టి దాని ఊపు మారుతుంది. విడి స్వరాలను అతికితే రాగం చచ్చిపోతుంది. అందువల్ల విద్వాంసుడి చేత పూర్తి సంగతులనే, ఒకే శ్రుతిలో, ఒకే వేగంలో, మొదలూ ముగింపూ గుర్తుపెట్టుకుని వాయించుకోవాలి. ఈ పని తెలిసిన విద్వాంసుడు పక్కన లేకుండా జరగదు.

మెమరీ లెక్క, మిక్సింగ్ ఓర్పు

గేమ్ నుంచి ధ్వని సాధనానికి రెండు రకాల కబుర్లు వెళతాయి. ‘కూజా కింద పెట్టింది’ లాంటి ఈవెంట్ ఒకటి. ‘దాసరులకు దూరం 40 మీటర్లు’, ‘ఉద్రిక్తత వందకు 70’ లాంటి పారామీటర్ ఇంకొకటి. ఆ అంకెకు ఏ పొర ఎంత తెరుచుకోవాలో డిజైనర్ గీత గీసి చూపిస్తారు. ప్రోగ్రామర్ మీద ఆధారపడకుండా ఆ గీతను ఎన్నిసార్లయినా సవరించుకోవచ్చు.

పొదుపు తప్పదు. సెకనుకు 48,000 నమూనాల చొప్పున, 16 బిట్లలో, స్టీరియోగా దాచిన ఒక నిమిషం ధ్వని దాదాపు 11.5 మెగాబైట్లు. మల్లారి, జనఘోష, రైలు, మాటలు అన్నీ కలిపి గంట దాటితే సాధారణ ఫోన్‌కు బరువే. కాబట్టి కుదించి దాస్తారు. పొడుగు పాటను మెమరీలోకి మొత్తంగా తేకుండా ముక్కముక్కగా చదువుకుంటారు. ఒకేసారి 32 చప్పుళ్లే మోగాలని హద్దు పెట్టుకుంటే, 33వది వచ్చినప్పుడు ఏది ఆగాలో ప్రాధాన్యక్రమం ముందే రాసి ఉంచాలి. అమ్మాయి అడుగు ఆగకూడదు. దూరపు హారన్ ఆగినా ఎవరికీ తెలియదు.

ఫోన్ స్పీకర్‌లో మంద్రధ్వనులు దాదాపుగా పలకవు. తవిల్ ఎడమవైపు కర్రతో కొట్టే గుమ్మనే మోత మాయమై, కుడివైపు వేళ్ల తొడుగుల టకటకలే మిగులుతాయి. అందుకని ఆ మోతలోని పై అంశాలను కాస్త ఎత్తి మిక్స్ చేస్తారు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ధ్వనిని ఆలస్యంగా అందిస్తాయి. లయ మీద నడిచే ఆటల్లో ఆ ఆలస్యాన్ని ఆడేవాళ్లే సరిచేసుకునే వీలు కల్పిస్తారు. ఎవరైనా మాట్లాడుతుంటే సంగీతం దానంతటదే తగ్గాలి. ఇన్ని జాగ్రత్తల తర్వాత ఆట ఎరగని పదిమంది చేత ఆడించి, ఎక్కడ విసుగు పుట్టిందో అడిగి, మళ్లీ సరిచేయాలి.

ఈ శ్రద్ధ చూపు లేనివాళ్లకు దారి అవుతుంది. 2015లో వచ్చిన ‘ఎ బ్లైండ్ లెజెండ్’ను పూర్తిగా విని ఆడాలి. 2020 నాటి ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’లో తలుపు, మెట్టు, దొరికే వస్తువు ఒక్కోదానికీ ధ్వని సంకేతం పెట్టారు. దృష్టి లేనివాళ్లు కూడా దాన్ని చివరిదాకా ఆడారు. గేమ్ ఆడియో అలంకారం కాదనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

మన ఆటల్లో మన ధ్వని

గేమ్ సంగీతానికి గౌరవం ఆలస్యంగానైనా దక్కింది. ఆస్టిన్ వింటరీ కూర్చిన ‘జర్నీ’ (2012) సంగీతం గ్రామీ నామినేషన్ పొందింది. 2023లో గ్రామీ గేమ్ సంగీతానికి విడిగా ఒక విభాగమే పెట్టి, ‘అసాసిన్స్ క్రీడ్ వల్హల్లా’ అనుబంధ ఆటకు స్టెఫనీ ఎకనమూకు తొలి పురస్కారం ఇచ్చింది.

భారతీయ నేపథ్యంతో వచ్చిన ఆటలూ పెరుగుతున్నాయి. హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో మన పురాణాల స్ఫూర్తితో ‘అసుర’ను విడుదల చేసింది. పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన ‘రాజీ’కి గ్రీస్ సంగీతకారుడు లినోస్ జెలోస్ సంగీతం కూర్చారు. టొరంటోలోని విసై గేమ్స్ 2023లో తెచ్చిన ‘వెణ్బా’ కెనడాలో స్థిరపడ్డ తమిళ కుటుంబం కథ. వంటింటి చప్పుళ్లకు నేహా పటేల్ రూపమిచ్చారు, రేడియోలో వేర్వేరు దశాబ్దాల తమిళ సినిమా పాటల బాణీలు మోగుతాయి. వలస వచ్చిన ఇంట్లో భాష ఎలా నిలుస్తుందో, ఎలా జారిపోతుందో ఆ ఆట చూపుతుంది. కారమడై తెలుగు ఇళ్లకు ఆ కథ కొత్తది కాదు. తెలంగాణ 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాలకు ‘ఇమేజ్’ విధానం ప్రకటించింది. దేశపు గేమ్ డెవలపర్ల సదస్సు పలుమార్లు హైదరాబాద్‌లో జరిగింది. పనిముట్లకూ వేదికలకూ కొరత లేదు. ఈ నేల ధ్వనిని ఓపిగ్గా రికార్డు చేసి గేమ్‌లోకి తేవడమే మిగిలిన పని.

వాయించినవాళ్ల హక్కు

ఆ పనిలో న్యాయం ముందు రావాలి. గేమ్‌లో ఒక సంగతి లక్షల సార్లు మోగవచ్చు. ముక్కలుగా కోసి, వాయించినవాళ్లు ఊహించని చోట వాడవచ్చు. కాబట్టి నాదస్వర విద్వాంసుడికైనా, దేవరాట్టం బృందానికైనా, కేక వేసిన దాసరికైనా ఆ ధ్వనిని ఎక్కడ ఎలా వాడతారో వాళ్లకు అర్థమయ్యే భాషలో ముందే చెప్పి, రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, తగిన ప్రతిఫలం ఇవ్వాలి. ఆట చివర పేర్లలో వాళ్ల పేరు ఉండాలి. భక్తితో పలికే కేకను కొట్లాట దృశ్యంలో వాడకూడదంటే, ఆ షరతును గౌరవించాలి. ఉత్సవ సమయంలో గుడిలో రికార్డింగ్‌కు అనుమతి తీసుకోవాలి.

మాటల విషయంలోనూ అంతే జాగ్రత్త. గేమ్‌లోని పాత్ర ఒకే సంగతిని పదిసార్లు చెప్పాల్సి వస్తుంది. కాబట్టి ఒక్కో మాటకు నాలుగైదు రూపాలు రికార్డు చేస్తారు. కారమడై కథకు అవి పుస్తకాల తెలుగులో ఉంటే అబద్ధం పలికినట్టే. తమిళం కలిసిన అక్కడి ఇంటి తెలుగును అక్కడివాళ్లే పలకాలి. చదవడానికి తమిళ లిపే వచ్చినవాళ్లుంటే సంభాషణను ఆ లిపిలో రాసిచ్చినా తప్పులేదు.

నేర్చుకోదలచినవాళ్లకు ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. ఒక చిన్న రికార్డర్, ఆడాసిటీ లాంటి ఉచిత ఎడిటర్, గోడో లాంటి ఉచిత గేమ్ ఇంజిన్ చాలు. ఎఫ్‌మాడ్, వైజ్ రెండింటినీ నేర్చుకోవడానికి రుసుము లేదు. మొదటి అభ్యాసంగా ఇంటి ముందు వీధినే తీసుకోవచ్చు. మూడు నేలల మీద అడుగులు, రెండు పొరల సందడి, ఒక తాళంలో రెండు ఖండాలు, వాటి మధ్య ఒక ముక్తాయింపు. ఆడేవాళ్లు ఎటు కదిలినా ఈ నాలుగూ అతుకు తెలియకుండా నడిస్తే, ఇంటరాక్టివ్ ఆడియోకు కావలసిన మౌలిక విద్య చేతికి వచ్చినట్టే.